ఇల్లు అమ్మే ముందు పెరడు బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు, జవాబులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లోని సొంత ఇళ్లను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఇంటి వెనుక పదడుగుల జాగా మాత్రమే ఉన్నవారికీ, బావి, కొబ్బరి చెట్లతో పెద్ద పెరడు ఉన్నవారికీ ఇందులో పనికొచ్చే సంగతులు ఉంటాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీల, ఫామ్‌హౌస్ తోటల లెక్కలు వేరు కాబట్టి వాటి జోలికి పోలేదు.

కొనేవారు ఇల్లు చూస్తారు గాని పెరడు అంతగా చూస్తారా?

చూస్తారు. ఇల్లు చూడడానికి వచ్చిన కుటుంబం ముందు గదిలో మర్యాదగా కూర్చుంటుంది, పడక గదులను తొంగి చూస్తుంది, వంటింటి మీదుగా పెరట్లోకి వచ్చాక మాత్రం అసలు మాటలు మొదలుపెడుతుంది. బట్టలు ఎక్కడ ఆరేయాలి, గిన్నెలు తోమిన నీళ్లు ఎటు పోతాయి, వానాకాలంలో నీరు నిలుస్తుందా, పక్కింటి కిటికీలు ఇటువైపే తెరుచుకుంటాయా అన్న ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి. లోపలి గోడలకు రంగు వేసి చెమ్మ మరకలను కొన్నాళ్లు కనపడకుండా చేయవచ్చు. పెరట్లో గోడ అడుగున పట్టిన పాచి, కుంగిన గచ్చు, కారుతున్న కుళాయి కింద పచ్చబడిన నేల మాత్రం ఆ ఇంటిని ఇన్నేళ్లుగా ఎలా చూసుకున్నారో ఎవరూ అడగకుండానే చెప్పేస్తాయి.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఇరవై ఏళ్లుగా రోజూ చూస్తున్న పెరట్లో ఇంటివారికి మంచీ కనిపించదు, చెడూ కనిపించదు. అందుకే పని మొదలుపెట్టే ముందు మొహమాటం లేకుండా మాట్లాడే బంధువునో స్నేహితుణ్నో పిలిచి, మీరే ఈ ఇల్లు కొనేటట్లయితే ఇక్కడ ఏది నచ్చదో చెప్పమని అడగండి. వారు చెప్పే మొదటి మూడు సంగతులే మీ పనుల జాబితా.

చేతిలో డబ్బు తక్కువ. మొదట దేనికి ఖర్చు పెట్టాలి?

ముందు ఖాళీ చేయడానికి, తరువాత నీటిదారికి, ఆ తరువాత గచ్చుకూ ప్రహరీ గోడకూ, చివరగా మొక్కలకు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, నర్సరీ నుంచి పూల కుండీలు తెచ్చి మురుగు నీటి పక్కన వరుసగా పెడతారు. అప్పుడు వచ్చినవారి కన్ను పూల మీద నిలవదు.

ఖాళీ చేయడానికి పెద్దగా ఖర్చు కాదు, కానీ మనసు ఒప్పుకోవాలి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకలు, ఊడదీసిన తలుపులు, తుప్పు పట్టిన కూలరు, పగిలిన నీళ్ల ట్యాంకు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన ఇనుప సామాను మొత్తం బయటికి పోవాలి. ఇటుకల కుప్పలో, కట్టెల మోపుల కింద తేళ్లూ పాములూ చేరతాయని కొనేవారికి తెలుసు. పిల్లలున్న తల్లి ముందుగా చూసేది ఆ మూలనే. ఆ మూల ఊడ్చి శుభ్రంగా కనిపిస్తే పెరడు ఉన్నదానికంటే విశాలంగా కనిపిస్తుంది. అయితే పాత సామానులో రుబ్బురోలు, తిరగలి, రాతి తొట్టి ఉంటే పారేయకండి. కడిగి ఒక చెట్టు నీడన ఉంచితే, ఈ రోజుల్లో చాలామంది వాటి దగ్గరే ఆగి ముచ్చటపడి చూస్తారు.

వానకు పెరట్లో నీళ్లు నిలుస్తాయి. మట్టి పోయించి మెరక చేస్తే సరిపోతుందా?

ఒక్కోసారి దానివల్లే కొత్త నష్టం మొదలవుతుంది. పెరడు మొత్తం ఎత్తు పెంచితే నీరు ఇంటి గోడ వైపు తిరుగుతుంది. పోయించిన మట్టి ఇంటి పునాది పీఠాన్ని దాటి పైకి వస్తే గోడలోకి చెమ్మ ఎక్కుతుంది, దానితోపాటు చెదలకు కూడా దారి దొరుకుతుంది. చేయవలసింది ఎత్తు పెంచడం కాదు, వాలు సరిచేయడం. గచ్చుకు ఇంటి గోడ నుంచి బయటివైపుకు పదడుగులకు సుమారు అంగుళంన్నర వాలు ఉంటే నీరు తనంతట తానే కదులుతుంది. ఒక బకెట్ నీళ్లు గోడ దగ్గర ఒలకబోసి, అవి ఎటు పోయి ఎక్కడ ఆగుతున్నాయో చూస్తే వాలు సంగతి మేస్త్రీ రాకముందే మీకు తెలిసిపోతుంది.

తరువాత చూడవలసినవి డాబా మీది నుంచి దిగే వాన గొట్టాలు. గొట్టం సగంలో విరిగి గోడ మీదే నీరు కారుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చు చిన్నది, బాగుచేయకపోతే ఆ గోడ మీద నల్లగా పాకిన చార చూసి కొనేవారు తగ్గించమనే ధర పెద్దది. గిన్నెలు తోమే చోట, బట్టలు ఉతికే బండ దగ్గర నీరు మట్టిలోకి కాక కాలువలోకి పోయేలా చేయాలి. మురుగు గదుల మూతలు పగిలి ఉంటే కొత్తవి వేయించాలి.

సెప్టిక్ ట్యాంకు నిండి వాసన వస్తుంటే ఇల్లు చూపించడానికి చాలా ముందే ఖాళీ చేయించండి. ఆ పనికి ట్యాంకరు యంత్రాన్నే పిలవాలి. లోపలి విషవాయువుల వల్ల క్షణాల్లో ప్రాణాలు పోతాయి; రక్షణ లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. కొద్ది డబ్బుకు దిగుతామని ఎవరైనా వచ్చినా ఒప్పుకోకూడదు.

ఇంకుడు గుంత తవ్విస్తే ఇంటికి విలువ పెరుగుతుందా?

బోర్లు ఎండిపోయే పేటల్లో తప్పక పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ కొనేవారి మొదటి భయం నీరే. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే వెయ్యి లీటర్ల నీరు వస్తుంది. ఆ నీరు వీధిలోకి పోతున్నదా, బోరు పక్కన నేలలోకి ఇంకుతున్నదా అన్నది వేసవిలో తేలుతుంది. గుంత అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, పైన దొడ్డు ఇసుక వేసి, ఇంటి పునాదికీ సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా కట్టించాలి. ఇప్పటికే గుంత ఉంటే, పైన పేరుకున్న మట్టినీ ఆకుల చెత్తనూ తీసి, ఇసుక పొర మార్చండి. చెత్త నిండిన ఇంకుడు గుంత కాగితం మీద ఉన్నట్లే గాని నేల మీద లేనట్లే.

పాత చెట్లను ఉంచాలా, కొట్టించాలా?

ఉంచాలన్నదే నా గట్టి అభిప్రాయం. అది చెట్ల మీద ప్రేమతోనే అంటున్న మాట కాదు. కొత్త ఇల్లు ఏడాదిలో కట్టవచ్చు. కాపు కాసే మామిడి చెట్టును ఎంత డబ్బు పోసినా ఏడాదిలో తేలేము. మా నాన్నగారి ఇల్లు అమ్మడానికి పెట్టినప్పుడు, ఆకులు రాలి పెరడు చెత్తగా కనిపిస్తోందని బావి పక్కన ఉన్న జామ చెట్టును కొట్టించాము. తరువాతి వారం ఇల్లు చూడడానికి వచ్చిన పెద్దావిడ ఆ మొద్దు దగ్గర నిలబడి, ఇది ఏం చెట్టమ్మా అని అడిగారు. జామ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ పని చేసినందుకు బాధపడుతూనే ఉన్నాను.

ఉంచడమంటే ఉన్నది ఉన్నట్లు వదిలేయడం కాదు. కొబ్బరి చెట్టుకు ఎండిన మట్టలు దింపించి, పక్కింటి మీదికి వేలాడే కాయలు కోయించాలి. కొత్త ఆకులు కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంటే మొవ్వులో కొమ్ము పురుగు ఉందని గుర్తించి మందు చేయించాలి. జామ, నిమ్మ చెట్లలో లోపలికి పెరిగిన కొమ్మలు, ఎండు పుల్లలు తీయించి గాలీ వెలుతురూ వచ్చేలా చేయాలి. మామిడి పూత మీద ఉన్నప్పుడు మాత్రం కొమ్మలు ముట్టుకోకండి.

మునగ సంగతి వేరు. దాని కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి పడుతుంది, పైగా కొన్ని కాలాల్లో బొంత పురుగులు కాండం మీద గుంపులుగా చేరతాయి. ఇల్లు చూపించే రోజున ఆ దృశ్యం ఎదురైతే చెట్టు ఎన్ని కాయలు కాస్తుందన్నది ఎవరూ వినరు. కాపు అయిపోయాక కొమ్మలను బాగా కిందికి నరికిస్తే చెట్టు అదుపులోనూ ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది కూడా.

తప్పక తీయవలసినవి గోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కలు. రావి మొక్కను పీకడానికి చాలా ఇళ్లలో సంకోచిస్తారు, దానివల్లే గోడ చీలుతుంది. లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, చెరువు గట్టునో గుడి ఆవరణలోనో అనుమతి తీసుకొని నాటితే మనసుకూ గోడకూ ఇబ్బంది ఉండదు.

చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలా?

మన సొంత పెరట్లో చెట్టే అయినా కావలసి రావచ్చు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అనే చట్టం, చెట్ల నరికివేతకూ కొత్త బోరు తవ్వకానికీ ముందస్తు అనుమతిని నిర్దేశిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. ఇల్లు అమ్మే సమయంలో పొరుగువారి ఫిర్యాదుతో జరిమానా కట్టవలసి రావడం కన్నా, మున్సిపల్ కార్యాలయంలో ముందే కనుక్కోవడం తేలిక.

పాత బావిని పూడ్చేయమని మధ్యవర్తి అంటున్నారు. పూడ్చవచ్చా?

పూడ్చకండి. నీళ్లున్న బావి ఇంటికి ఆస్తి. నీళ్లు లేని బావిలోకి డాబా మీది వాన నీటిని వడకట్టి మళ్లించుకోవచ్చు. కొనేవారికి ఉండే భయం పిల్లలు పడతారేమోనన్నది. ఒర తగినంత ఎత్తు లేకపోతే పెంచి, పైన తాళం వేసుకునే ఇనుప జాలీ బిగిస్తే ఆ భయం తీరుతుంది. బావి చుట్టూ చప్టా పగుళ్లు పూడ్పించి, వాడిన నీరు తిరిగి బావిలోకి దిగకుండా చేయాలి. పూడిక తీయించేటప్పుడు సెప్టిక్ ట్యాంకు విషయంలో చెప్పిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది: ఏళ్ల తరబడి వాడని బావిలో అడుగున ప్రాణవాయువు ఉండకపోవచ్చు. అనుభవం, పరికరాలు ఉన్నవారు తప్ప ఎవరూ దిగకూడదు, ఒకరు స్పృహ తప్పితే మరొకరు అసలే దిగకూడదు.

బోరు, మోటారు విషయంలో ఏం చేయాలి?

వేలాడే తీగలు సరిచేయించి, స్విచ్చు బోర్డును వాన తగలని పెట్టెలో బిగించి, ఎర్తింగు సరిగా ఉందో లేదో పరీక్ష చేయించండి. బోరు లోతు, మోటారు సామర్థ్యం, దించిన సంవత్సరం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చినవారి ముందు మోటారు వేసి నీళ్లు చూపించడం అన్ని మాటల కన్నా బలమైనది.

పచ్చిక పరిపిస్తే బాగుంటుందా?

ఫొటోలో బాగుంటుంది. పరచిన పచ్చిక వేళ్లు పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, వేసవిలో రోజూ నీరు అడుగుతుంది, నీడ ఉన్నచోట పలచబడి మట్టి తేలుతుంది. అనంతపురంలోనో హైదరాబాదులోనో ఏప్రిల్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టి పచ్చిక పరిపిస్తే, మే నెలకు అది పసుపుపచ్చగా మారి ఇంటికి నీళ్లు చాలవేమో అన్న అనుమానాన్ని కొనేవారిలో కలిగిస్తుంది. ఆ డబ్బుతో ఉన్న మట్టిని గుల్ల చేయించి, కలుపు తీయించి, చెట్ల పాదులు చక్కగా కట్టించి, ఎండుటాకులు పరిపిస్తే పెరడు పెరడులాగానే అందంగా ఉంటుంది.

ఏ మొక్కలు, ఎప్పుడు నాటాలి?

ఇల్లు ఎప్పుడు చూపిస్తారో అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని చాలామంది ఇళ్ల బేరాలు మానుకుంటారు. ఆ తీరికే మీకు అదను. తొలకరి పడ్డాక ఆషాఢంలో నాటిన మొక్క వానలకు నిలదొక్కుకుంటుంది. బంతి నారు నాటితే సుమారు నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పూస్తుంది కాబట్టి, శ్రావణంలో వచ్చేవారికి మొగ్గలు, దసరాకు వచ్చేవారికి పూలు కనిపిస్తాయి. వేసవిలో అమ్మదలచినవారు మల్లె పొదలను డిసెంబరు, జనవరి నెలల్లో కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు పెట్టుకుంటే మార్చి నుంచి సాయంత్రం వేళ పెరడంతా పరిమళిస్తుంది.

ఖరీదైన విదేశీ మొక్కల కన్నా మందారం, నందివర్ధనం, గన్నేరు, కనకాంబరం వంటివి మేలు. అవి మన ఎండకూ వానకూ అలవాటు పడినవి, పైగా కొనేవారికి వాటిని చూడగానే పూజకు పూలు, తలలోకి పూలు గుర్తొస్తాయి. గన్నేరులో విషం ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలు ఆడుకునే చోట నాటవద్దు. వంటింటి తలుపు దగ్గర కరివేపాకు, ఒక నిమ్మ, ఒక అరటి పిలక ఉంటే చాలు. ఎక్కువ మొక్కలు కావలసినవారికి, ముఖ్యంగా గోదావరి జిల్లాల వారికి, రాజమహేంద్రవరం దగ్గరి కడియం, కడియపులంక నర్సరీలు ఉండనే ఉన్నాయి. అక్కడ రెండు మూడేళ్లు పెరిగిన మొక్కలు కూడా దొరుకుతాయి. చిన్నవి ఇరవై తెచ్చే బదులు పెరిగినవి నాలుగు తెచ్చుకోవడం ఈ సందర్భానికి తగిన పని.

గచ్చుకు ఏ రాయి మంచిది?

నునుపు టైల్స్ మాత్రం వద్దు, తడిస్తే జారతాయి. తాండూరు, బేతంచెర్ల, కడప నాపరాళ్లు మన పెరళ్లకు తరతరాలుగా సరిపోయాయి. మెరుగు పెట్టని గరుకు బండలు తీసుకుంటే కాలు జారదు. నేలంతా మూసేయకుండా, నడిచే దారికీ బట్టలు ఉతికే చోటుకూ మాత్రమే బండలు పరచి మిగతాది మట్టిగా వదిలితే వాన నీరు ఇంకుతుంది, వేసవిలో ఇల్లు కొంత చల్లగానూ ఉంటుంది. పాత బండలు బాగుంటే వాటినే లేపి, కింద ఇసుక సరిచేసి, మళ్లీ పరిపించండి.

పెరట్లో రేకుల షెడ్డు ఉంది. అది లాభమా, నష్టమా?

ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలంలో అనుమతి లేకుండా వేసిన షెడ్డయితే నష్టమే. తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 భవన నియమాలు ప్లాటు విస్తీర్ణాన్నిబట్టి ఎంత ఖాళీ వదలాలో చెబుతాయి. కొనేవారు బ్యాంకు రుణం తీసుకుంటే, విలువ కట్టడానికి వచ్చే ఇంజనీరు మంజూరైన ప్లానును పక్కన పెట్టుకొని పెరడు కొలుస్తారు. ప్లానులో లేని షెడ్డు అక్కడ అడ్డు తగిలితే బేరం వారాల తరబడి ఆగవచ్చు. వెల్డింగు చేసిన రేకుల షెడ్డును విప్పించి ఇనుము అమ్మేయడం చాలా సందర్భాల్లో తెలివైన పని.

అదే సమయంలో ప్రహరీ గోడను కూడా దస్తావేజులోని కొలతలతో సరిచూసుకోండి. వెనుక గోడ ఎవరిది, ఉమ్మడిదా అన్న ప్రశ్నకు కొనేవారు అడిగేలోపు మీ దగ్గర జవాబు ఉండాలి.

వాస్తు కోసం పెరట్లో మార్పులు చేయాలా?

నమ్మకం ఉన్నా లేకపోయినా, కొనేవారిలో ఎక్కువ మంది అడుగుతారన్నది నిజం. ఈశాన్యంలో బరువులు, చెత్త ఉండకూడదని, నీరు అటువైపు ఉండాలని, నైరుతి మెరకగా ఉండాలని సాధారణంగా చూస్తారు. ఈశాన్యం మూల ఖాళీ చేయడం, అక్కడి పాత సామాను తీసేయడం వంటివి ఖర్చు లేని పనులు, శుభ్రతకూ పనికొస్తాయి కాబట్టి చేయండి. బోరు మార్చడం, సెప్టిక్ ట్యాంకు తవ్వించడం వంటివి వద్దు. కొత్తగా వచ్చేవారి సిద్ధాంతి మరో మాట చెబుతారు, మీ ఖర్చు నేలపాలవుతుంది.

తులసి కోటను ఏం చేయాలి?

కోట కట్టడం కాబట్టి ఇంటితో ఉండనివ్వండి, సున్నం వేయించండి. మొక్కను వెంట తీసుకువెళ్లాలనుకుంటే విత్తనాల నుంచి ముందే కుండీలో నారు పోసుకొని, కోటలో మొక్కను పచ్చగా వదిలి వెళ్లడం బాగుంటుంది.

లోపాలు కప్పిపుచ్చితే తప్పేమిటి? అందరూ చేసేదే కదా?

తప్పే, అది చట్టరీత్యా కూడా తప్పే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే దాన్ని చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిదే. వరదకు పెరట్లో మోకాలి లోతు నీరు వచ్చే ఇంట్లో, కుంగిన చోట మట్టి కప్పి పూల కుండీలు పెట్టడం పెరడు బాగుచేయడం కాదు. ఆ లోపం ఇదీ, దీనికి మేము చేయించిన పని ఇదీ అని రసీదుతో సహా చూపిస్తే, కొనేవారు మిగతా ఇంటి గురించి మీరు చెప్పే మాటలు కూడా నమ్ముతారు.

మేము అమెరికాలో ఉన్నాము. అమ్మానాన్నల ఇల్లు తాళం వేసి ఉంది. ఏం చేయాలి?

మూసి ఉన్న ఇంటి పెరడు రెండు వానాకాలాల్లో అడవిలా మారుతుంది. మీరు రాకముందే దగ్గరి బంధువు ఎదుట కలుపు తీయించండి. మనుషుల అలికిడి లేని పొదల్లో పాములుంటాయి కాబట్టి పనివారికి బూట్లు ఇవ్వాలని, పొడవైన కర్రతో కదిలించాకే చేయి పెట్టాలని చెప్పించండి. మూత లేని తొట్టెలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు బోర్లించాలి. డెంగీ దోమ నిలిచిన మంచి నీటిలో వారం పది రోజుల్లోనే గుడ్డు నుంచి ఎదిగిపోతుంది. ఆ తరువాత వారానికోసారి ఊడ్చి నీళ్లు పోసే మనిషిని ఇల్లు అమ్ముడయ్యే వరకు పెట్టుకొని, పని అయిన రోజున వీడియో పంపమనండి. సెలవులకు వచ్చినప్పుడు పదిహేను రోజుల్లో అన్నీ చేయించి అమ్ముకుని వెళ్దామనుకునేవారు, ఆ తొందరలోనే ధర తగ్గించుకుంటున్నారు.

ఈ ఖర్చులకు ఆదాయపు పన్నులో ప్రయోజనం ఉంటుందా?

ప్రహరీ కట్టించడం వంటి శాశ్వతమైన పనుల ఖర్చును మూలధన లాభం, అంటే ఇల్లు అమ్మగా వచ్చే లాభం లెక్కలో చూపుకోవచ్చు. కలుపు తీయడం, రంగులు వేయడం వంటి నిర్వహణ ఖర్చులకు సాధారణంగా ఆ వీలు ఉండదు. రసీదులు భద్రపరచుకొని ఆడిటరుకు చూపించండి.

ఇల్లు చూపించే రోజు పెరట్లో ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఉదయం ఎనిమిది గంటలలోపు ఊడ్చి, దుమ్ము అణిగేలా నీళ్లు చల్లించండి. దండెం మీది బట్టలు తీసేయండి, కుక్క ఉంటే కట్టేయండి. వెనుక తలుపు గడియ సులువుగా రావాలి. పది గుద్దులు గుద్దితే గాని తెరుచుకోని తలుపు అన్ని పనులనూ చెడగొడుతుంది. ఎండ ముదరకముందే రమ్మని చెప్పండి. వారు పెరట్లోకి వచ్చాక ఒక కుర్చీ వేసి, అడిగినదానికి జవాబు చెప్పి, కాసేపు వారి కుటుంబాన్ని చెట్టు నీడన వారి మానాన వారిని మాట్లాడుకోనివ్వండి. కాయలున్న కాలమైతే నాలుగు జామకాయలు కోసి పిల్లల చేతిలో పెట్టండి.